పెయింట్ మీద గీత పడకుండా ఇంటి దగ్గరే కారు కడగడం ఎలా?

"కారు కొని రెండేళ్ళే అయింది. వారానికి రెండుసార్లు కడిగిస్తున్నాం. అయినా ఎండలో నిలబెడితే బానెట్ మీద సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు కనిపిస్తున్నాయి, ఎందుకు?" నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. వారానికి రెండుసార్లు కడిగిస్తున్నారు కాబట్టే ఆ గీతలు. కడగడం తప్పని కాదు, కడిగే పద్ధతిలో తప్పుంది.

ఇది నాకూ అనుభవమే. నాది ముదురు నీలం కారు. మా అపార్ట్‌మెంట్‌కి రోజూ పొద్దున్నే ఒకతను వచ్చి, ఒక బకెట్ నీళ్ళు, ఒక పాత గుడ్డతో పది పన్నెండు కార్లు తుడిచి వెళ్ళేవాడు. ఆరు నెలల తర్వాత ఒక రాత్రి పెట్రోల్ బంకులో ఆగినప్పుడు చూస్తే, బానెట్‌లో కనిపిస్తున్న లైటు చుట్టూ గుండ్రంగా వందల గీతలు. మర్నాడు కిందికి దిగి, అతని పని అయ్యాక బకెట్‌ని మెల్లగా వంపి చూశాం. అడుగున రెండు చెంచాల మట్టి మిగిలింది. వేళ్ళ మధ్య పెట్టి నలిపితే కరకరలాడింది. ఆరు నెలల పాటు నా కారు మీద రోజూ తిరిగింది అదే.

కారు మీద పడిన మామూలు దుమ్ము ఊరికే గీత పెట్టదు. దాని మీద గుడ్డ పెట్టి రుద్దినప్పుడే గీత పడుతుంది. కింద చెప్పే ప్రతి పనికీ కారణం ఇదే. మన చెయ్యి తగిలేలోపే వీలైనంత మట్టి నీళ్ళతో దిగిపోవాలి. తగిలాక మిగిలిన మట్టిని పెయింట్ మీద ఈడ్చకూడదు.

## 1. మీరు తుడుస్తున్నది దేన్ని?

రంగు మీద కనిపించకుండా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. దాన్ని క్లియర్ కోట్ అంటారు. కారు మెరుపంతా దానిదే. చాలా కార్లలో అది 50 మైక్రాన్ల లోపే ఉంటుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే వెంట్రుకంత మందం కూడా లేదు.

గీతలు పడ్డాక పాలిష్ కొట్టిస్తే పోతాయి, నిజమే. కానీ పాలిష్ గీతను పూడ్చదు, గీత చుట్టూ ఉన్న పొరను అరగదీసి సమం చేస్తుంది. ప్రతి పాలిష్‌కూ కొంత క్లియర్ కోట్ పోతుంది, పోయింది మళ్ళీ రాదు. అందుకే "ఏడాదికోసారి రబ్బింగ్, పాలిష్ కొట్టిస్తే సరిపోతుంది" అనే మాట వినకండి.

మన రోడ్ల మీద లేచే దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి. అవి క్లియర్ కోట్ కన్నా చాలా గట్టివి. క్వారీలు, క్రషర్లు ఉన్నచోట, మొరం రోడ్ల మీద తిరిగే కార్లకు ఈ బెడద ఇంకా ఎక్కువ. నల్లరేగడి బురద మరో రకం. ఆరితే పెంకులా పట్టేస్తుంది, నానబెట్టకుండా లాగితే గీతతోనే వస్తుంది.

## 2. ముందుగా సమకూర్చుకోవాల్సినవి

- 15 నుంచి 20 లీటర్ల బకెట్లు రెండు, చక్రాల కోసం విడిగా ఒక పాత బకెట్
- బకెట్ అడుగున పెట్టే జాలీ (గ్రిట్ గార్డ్ అని అడిగితే ఇస్తారు)
- చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ వాష్ మిట్లు రెండు: పై భాగాలకు ఒకటి, కింది భాగాలకు ఒకటి
- పీహెచ్ న్యూట్రల్ (ఆమ్ల గుణం, క్షార గుణం రెండూ లేనిది) అని రాసి ఉన్న కార్ షాంపూ
- ఆరబెట్టడానికి మందపాటి మైక్రోఫైబర్ టవల్ (800 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు గుడ్డ బరువు 800 గ్రాములు, ఆపైన)
- అద్దాలకు, డోర్ల అంచులకు సన్నటి మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగైదు
- చక్రాలకు మెత్తటి బ్రష్
- నీళ్ళ పైపు, లేదా మొక్కలకు పోసే ఝారీ
- పంపు కొట్టి నురగ చిమ్మే చిన్న చేతి స్ప్రేయర్ (ఉంటే మంచిది)

జాలీ దొరక్కపోతే ఆగిపోనక్కర్లేదు, రెండో బకెట్ మాత్రం తప్పనిసరి. డబ్బు దేని మీద పెట్టాలని అడిగితే మిట్, టవల్ మీద పెట్టమంటాను. కార్ షాంపూ చౌకదైనా పని నడుస్తుంది, గుడ్డ నాసిరకమైతే నడవదు. పొలంలో మందు కొట్టిన స్ప్రేయర్‌ను కడిగి వాడుకుందాం అనుకోకండి. ఆ మందు ఎంత కడిగినా పూర్తిగా పోదు.

ఇవి మాత్రం పెయింట్ దగ్గరికి రానివ్వొద్దు:

- పాత బనియన్లు, లుంగీలు, టీషర్టులు. బట్ట మెత్తగానే ఉంటుంది, కుట్లు, అంచులు గరుకుగా ఉంటాయి. పైగా నూలు గుడ్డ మట్టిని లోపలికి తీసుకోదు, పైపైనే ఉంచి రుద్దుతుంది.
- స్పాంజి. ఇసుక రేణువు దాని చదునైన ముఖానికి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది.
- బట్టల సర్ఫు, గిన్నెలు తోమే లిక్విడ్. జిడ్డు వదిలించడానికే చేసినవి కాబట్టి పెయింట్ మీది వ్యాక్స్‌ను కూడా వదిలిస్తాయి.
- కిరోసిన్, డీజిల్. తుడవగానే మెరుస్తుంది. ఆ మెరుపు జిడ్డుది, సాయంత్రానికి ఆ జిడ్డుకే దుమ్మంతా అంటుకుంటుంది.

## 3. నీళ్ళ సంగతి

చాలామంది షాంపూ గురించి గంటసేపు అడుగుతారు, నీళ్ళ గురించి ఒక్క మాట అడగరు. హైదరాబాద్‌లోనే కాదు, బోరు నీళ్ళు వాడే ఏ ఊళ్ళో అయినా సగం బాధ నీళ్ళతోనే.

బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. గీజర్ రాడ్‌కు, బాత్రూం కుళాయికి తెల్లగా పేరుకుపోయేది వీటివల్లే. కారు మీద నీటిబొట్టు ఆరినప్పుడు నీరు పోతుంది, లవణం గుండ్రంగా మిగులుతుంది. ఎండలో అలాగే వదిలేస్తే మొదట మరక, తర్వాత పెయింట్‌లోకి దిగిన మచ్చ.

నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు ఎన్నో (దీన్నే టీడీఎస్ అంటారు) చూపించే చిన్న టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కోండి, ఖరీదైనది కాదు. మన తాగునీటి ప్రమాణాల్లో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు వాంఛనీయం. కారుకూ ఆ లోపు నీళ్ళైతే పెద్ద చిక్కు ఉండదు, వెంటనే తుడిచేస్తే చాలు. బోరు నీళ్ళు వెయ్యి దాటి చూపిస్తే ఇలా చేయండి:

- మట్టి వదిలించడానికి బోరు నీళ్ళే వాడండి, ఆఖరిసారి పోసే నీళ్ళు మాత్రం మున్సిపల్ నీళ్ళో వాన నీళ్ళో అయి ఉండాలి.
- ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి ఉంచుకోండి. గాలిలోని తేమ చల్లబడి కారిన నీరది, లవణాలు దాదాపు ఉండవు. మా ఇంట్లో ఉక్కపోత రోజుల్లో రాత్రంతా ఏసీ నడిస్తే బకెట్ దాకా వస్తుంది. పల్చటి గుడ్డతో వడకట్టి ఆఖరి కడుగుకు వాడతాను.
- ఒక్కసారిగా కారంతా తడిపి వదిలేయకుండా, ఒక్కో వైపు కడిగి ఆరబెట్టుకుంటూ వెళ్ళండి.

ఆర్వో ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్ళతో కారు కడుగుతున్నామని చాలామంది గర్వంగా చెప్తారు. నీళ్ళు పొదుపు చేయాలనే ఆలోచన మంచిదే, కానీ ఆ నీళ్ళు కారుకు మంచివి కావు. ఫిల్టర్ తీసేసిన లవణాలన్నీ వెళ్ళేది ఆ నీళ్ళలోకే. లోపలికి వెళ్ళే నీళ్ళ టీడీఎస్ 800 ఉండి, సగం నీళ్ళు వృథా పైపులో పోతుంటే, వాటి టీడీఎస్ 1,500 దగ్గరికి వస్తుంది. వాటిని పార్కింగ్ నేల కడగడానికో, చక్రాల మొదటి తడుపుకో వాడుకోండి.

## 4. ఎప్పుడు, ఎక్కడ

ఎండ ముదరక ముందు పొద్దున్నే, లేదా పొద్దుగూకే వేళ. నీడ ఉండాలి, అయితే చెట్టు నీడ వద్దు. కడిగిన కారు మీద బంక, ఆకులు, పిట్టల రెట్ట పడతాయి.

అరచేతి వెనక వైపు బానెట్‌కు ఆనించి చూడండి. గోరువెచ్చగా అనిపించినా ఆగండి. వేడి రేకు మీద షాంపూ నిమిషంలో ఆరిపోయి చారలు కడుతుంది. దూర ప్రయాణం నుంచి రాగానే కడగాలనిపిస్తుంది, కనీసం అరగంట ఆగండి. వేడెక్కిన బ్రేక్ డిస్కుల మీద చన్నీళ్ళు కొడితే అవి వంకరపోయే ప్రమాదం ఉంది.

ఎలక్ట్రిక్ కారైతే చార్జింగ్ తీసేసి, పోర్టు మూత పడిందో లేదో చూసుకున్నాకే మొదలుపెట్టండి.

## 5. ముందు మరకల పని పట్టండి

కారు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. మామూలు మట్టి కానిది ఏదైనా ఉంటే దానికి విడిగా మందు వేయాలి. మిట్‌తో గట్టిగా రుద్దితే పోతుందిలే అనుకున్నచోటే గీత పడుతుంది.

పిట్టల రెట్ట. దీనికి ఆదివారం దాకా ఆగకూడదు. ఇందులో యూరిక్ ఆమ్లం ఉంటుంది, ఎండకు క్లియర్ కోట్‌ను తినేస్తుంది. తడిపిన టిష్యూ దాని మీద పరిచి ఐదు నుంచి పది నిమిషాలు వదిలేయండి. మెత్తబడ్డాక రుద్దకుండా పైకి ఎత్తినట్టు తీసి, నీళ్ళు పోయండి. పిట్టలు తిన్న గింజలు అందులో ఉంటాయి, ఈడ్చారంటే అవే గీత పెడతాయి. కారులో ఎప్పుడూ ఒక నీళ్ళ సీసా, టిష్యూలు ఉంచుకోండి.

హైవే పురుగులు. ముందు బంపర్, అద్దం, సైడ్ మిర్రర్ల మీద. షాంపూ నీళ్ళలో ముంచిన గుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచితే మెత్తబడతాయి.

తారు చుక్కలు. తార్ రిమూవర్ గుడ్డకు అద్ది, చుక్క మీద నిమిషం ఉంచి, మెల్లగా తుడవండి. వెంటనే షాంపూ నీళ్ళతో ఆ చోటు కడగండి.

సిమెంట్ దుమ్ము. చుట్టూ కట్టడాలు నడుస్తున్న కాలనీల వాళ్ళకు ఇది పెద్ద టెన్షన్. సిమెంట్ పొడికి మంచు తడి తగిలితే గట్టిపడుతుంది, పైగా దానికి క్షార గుణం ఉంది. కొద్దికొద్దిగా తడపకండి, ధారగా నీళ్ళు పోసి ఒక్కసారే దించేయండి. గట్టిపడిన చుక్క ఉంటే వైట్ వెనిగర్‌లో సమానంగా నీళ్ళు కలిపి, గుడ్డ ముంచి రెండు మూడు నిమిషాలు అద్ది ఉంచండి. కరిగినంత కరిగాక కడిగేయండి. ఒక్కసారికి పోకపోతే మళ్ళీ అద్దండి, గోటితో మాత్రం గీకొద్దు.

పసుపు, కుంకుమ. కొత్త కారు పూజ, దసరా ఆయుధ పూజ తర్వాత ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆరిన పసుపు, గంధం పొడి గుడ్డతో తుడవకూడదు. ముందు నీళ్ళు ధారగా పోసి నానబెట్టండి, తర్వాత షాంపూ నీళ్ళు. తెల్ల కారు మీద పసుపు చాయ మిగిలితే కంగారు పడకండి, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. కొట్లో దొరికే రంగు కుంకుమ అలా కాదు, తడిగా రెండు రోజులు ఉంటే గులాబీ మరక దిగుతుంది. పూజ చేసే పంతులు గారిని బొట్టు అద్దం మీదో నంబర్ ప్లేట్ మీదో పెట్టమని ముందే అడగండి. తప్పు పట్టరు.

## 6. కడిగే వరస

### 6.1 చక్రాలు ముందు

కారులో అన్నిటికంటే మురికివి ఇవే. ఒళ్ళంతా కడిగాక చక్రాలు కడిగితే ఆ మురికి నీళ్ళు మళ్ళీ డోర్ల మీద చిందుతాయి. చక్రాల మీది నల్లటి పొడి బ్రేకుల నుంచి రాలింది, అందులో ఇనుప రజను ఉంటుంది. అందుకే వీటి బకెట్, బ్రష్, గుడ్డ వేరు. అవి పొరపాటున కూడా బానెట్ మీదికి రాకూడదు. నేను చక్రాల గుడ్డలకు ఎర్ర రంగువి కొన్నాను, గుర్తుంచుకునే పని లేదు.

### 6.2 చెయ్యి పెట్టకుండా మట్టి దించడం

పైకప్పు నుంచి కిందికి నీళ్ళు పోయండి. తొందరపడకండి, మొత్తం పనిలో ముఖ్యమైన ఘట్టం ఇదే. పైపు లేకపోతే ఝారీతో పోయండి. మగ్గుతో విసిరి కొట్టడం కన్నా ఝారీ ధార మేలు, మట్టి నానుతూ దిగుతుంది. చక్రాల పైన ఉండే గూళ్ళు, బంపర్ కింద, డోర్ల అడుగు భాగాల్లో బురద గుత్తులుగా ఉంటుంది, అక్కడ ఎక్కువసేపు పోయండి.

ప్రెజర్ వాషర్ ఉన్నవాళ్ళకు:

- నీరు విసనకర్రలా విచ్చుకునే 40 డిగ్రీల నాజిల్ వాడండి, సూదిలా కొట్టే 0 డిగ్రీలది పెట్టెలోనే ఉండనివ్వండి
- పెయింట్‌కు కనీసం అడుగు దూరం
- పెచ్చు లేచిన పెయింట్, స్టిక్కర్లు, డోర్ రబ్బర్లు, రేడియేటర్ మీద గురిపెట్టి కొట్టొద్దు

### 6.3 నురగ పట్టించి ఆగడం

చేతి స్ప్రేయర్‌లో షాంపూ నీళ్ళు పోసి, కారంతా నురగ పట్టించండి. నాలుగైదు నిమిషాలు. నురగతో పాటు మట్టి చారలు చారలుగా కిందికి జారుతుంటే కళ్ళకు కనిపిస్తుంది. ఆరిపోనివ్వకుండా నీళ్ళు పోసేయండి. స్ప్రేయర్ లేనివాళ్ళు 6.2 ఇంకోసారి చేయండి.

### 6.4 రెండు బకెట్లు

ఒక బకెట్‌లో షాంపూ నీళ్ళు. సీసా మీద రాసిన కొలతే వేయండి. ఎక్కువ వేస్తే ఎక్కువ తెల్లబడదు, జారుడు పొర మిగిలి కడగడానికి ఇంకో బకెట్ పడుతుంది. రెండో బకెట్‌లో ఉత్త నీళ్ళు, అడుగున జాలీ.

మిట్‌ను షాంపూ నీళ్ళలో ముంచి ఒక భాగం కడగాలి. తర్వాత ఉత్త నీళ్ళ బకెట్‌లో జాలీకి రాసి జాడించి, పిండి, మళ్ళీ షాంపూ నీళ్ళలో ముంచాలి. మట్టి ఉత్త నీళ్ళ బకెట్ అడుగుకు చేరుతుంది, షాంపూ నీళ్ళు శుభ్రంగా ఉంటాయి. పని అయ్యాక రెండు బకెట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. మట్టి ఎటు చేరిందో చూశారంటే రెండో బకెట్ ఎందుకని ఇంకెప్పుడూ అడగరు.

### 6.5 కడగడం

వరస ఇది: పైకప్పు, అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్ల పై సగం. ఇక్కడ మిట్ మార్చండి. తర్వాత డోర్ల కింది సగం, చివరికి బంపర్లు.

- చెయ్యి బరువు వేయొద్దు. మిట్ తన బరువుతో తాను జారాలి.
- గుండ్రంగా తిప్పొద్దు. పొడవునా తిన్నగా లాగండి. ఎంత జాగ్రత్తపడ్డా ఒకటీ అరా సన్నటి గీత పడొచ్చు, తిన్నటి గీత కంటికి ఆనదు. గుండ్రటి గీత ప్రతి లైటు కిందా మెరుస్తుంది.
- ఒక భాగానికి ఒక ముంపు. సగం బానెట్, జాడింపు, మిగతా సగం.
- మిట్ నేల మీద పడితే అది ఇక ఆ రోజు పెయింట్‌కు పనికిరాదు. దులిపి వాడొద్దు, జాడించి వాడొద్దు. చక్రాలకు ఇచ్చేయండి.
- ఉంగరం, వాచీ, బెల్టు బకిల్ తీసి పక్కన పెట్టండి. పైకప్పు అందుకోవడానికి వంగినప్పుడు డోర్ మీద గీత పెట్టేది బకిలే.

### 6.6 ఆఖరి నీళ్ళు

పైపు చివర నాజిల్ తీసేసి, ధారను పైకప్పు మీద మెల్లగా వదలండి. చిమ్మితే బొట్లు బొట్లుగా నిలుస్తాయి, ధారగా వదిలితే పరదాలా జారిపోతూ బొట్లను వెంట తీసుకుపోతుంది. తుడవాల్సింది సగానికి తగ్గిపోతుంది. పట్టి ఉంచిన ఏసీ నీళ్ళు వాడాల్సింది ఇక్కడే, ఝారీతో.

### 6.7 ఆరబెట్టడం

"గాలికి ఆరిపోతుందిలే" అని వదిలేయొద్దు. బోరు నీళ్ళైతే అసలే వద్దు.

టవల్‌ను బానెట్ మీద దుప్పటిలా పరిచి, అరచేత్తో అద్దండి, పైకి ఎత్తండి. లేదా రెండు మూలలు పట్టుకుని మెల్లగా మీ వైపు లాగండి, దాని బరువే చాలు. రుద్దే పని లేదు. మిర్రర్ల సందుల్లోంచి, నంబర్ ప్లేట్ వెనక నుంచి, డోర్ హ్యాండిళ్ళ లోంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. పది నిమిషాల తర్వాత ఇంకోసారి చూసి తుడవండి. డోర్లు, డిక్కీ తెరిచి అంచులు సన్న గుడ్డతో తుడవండి, ఆ గుడ్డ మళ్ళీ బయటి పెయింట్ మీద వాడొద్దు.

## 7. నీళ్ళు తక్కువ ఉన్నప్పుడు

నిమిషానికి 12 లీటర్లు వచ్చే పైపును పావుగంట వదిలేస్తే 180 లీటర్లు పోతాయి. పైన చెప్పిన పద్ధతిలో బకెట్లు, ఝారీతో 60 నుంచి 80 లీటర్లలో అయిపోతుంది. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడం నిషేధించి, 5,000 రూపాయల జరిమానా పెట్టింది. మన ఊళ్ళలోనూ వేసవిలో ట్యాంకర్ల మీద బతికే అపార్ట్‌మెంట్లు ఎన్నో ఉన్నాయి.

అలాంటప్పుడు రిన్స్‌లెస్ వాష్ అనే ద్రవం వాడొచ్చు, తుడిచాక మళ్ళీ నీళ్ళు పోయనక్కర్లేదు. ఒక బకెట్ నీళ్ళలో సీసా మీద చెప్పినంత కలిపి, ఆరేడు మైక్రోఫైబర్ గుడ్డలు అందులో నానబెట్టాలి. అదే ద్రావణం స్ప్రే చేసి రెండు నిమిషాలు ఆగి, ఒక గుడ్డతో ఒక భాగం తుడిచి, గుడ్డ మడత మార్చుకుంటూ వెళ్ళాలి. అన్ని మడతలూ అయిపోతే ఆ గుడ్డ పక్కన పడేయాలి, మళ్ళీ బకెట్‌లో ముంచకూడదు. ఆ వెంటనే పొడి టవల్‌తో అద్దాలి. పల్చటి దుమ్ముకు ఇది చక్కగా పనిచేస్తుంది. బురద పట్టిన కారుకు మాత్రం వద్దు, అప్పటికి కడగకుండా ఆగడమే నయం.

## 8. కోటింగ్ ఉన్న కార్లకు

సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద రక్షణగా పూసే పల్చటి పొర) వేయిస్తే ఇక గీతలు పడవని కొన్ని షాపుల్లో చెప్తారు. నాకూ అలాగే చెప్పారు. ఆ పొర మందం మామూలుగా ఒకటి రెండు మైక్రాన్లే. మట్టి త్వరగా అంటకుండా, నీళ్ళు నిలవకుండా చూస్తుంది, అంతవరకే. ఇసుకతో రుద్దితే కోటింగ్ మీదా గీత పడుతుంది. కాబట్టి పైన చెప్పిన వరసలో ఏదీ మానొద్దు. అదనంగా చూసుకోవాల్సినవి:

- వేయించాక మొదటి వారం కడగొద్దు, వానలో తిప్పొద్దు. వేసినవాళ్ళు ఇంకా ఎక్కువ రోజులు చెప్తే అన్ని రోజులు ఆగండి.
- వ్యాక్స్ కలిసిన షాంపూ వద్దు. ఆ వ్యాక్స్ కోటింగ్‌ను కప్పేసి, నీళ్ళు జారే గుణాన్ని తగ్గిస్తుంది.
- బోరు నీటి మచ్చలు కోటింగ్ మీదా పడతాయి. కోటింగ్ ఉందికదా అని ఆరబెట్టడం మానేసినవాళ్ళే ఎక్కువగా నష్టపోతారు.
- నీళ్ళు మునుపటిలా జారడం లేదంటే కోటింగ్ పోయిందనుకోకండి. చాలాసార్లు మీద పేరుకున్న మురికే కారణం. శ్రద్ధగా ఒకసారి కడిగి చూశాకే షాపుకు వెళ్ళండి.

పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అంటే పెయింట్ మీద అతికించే మందపాటి పారదర్శక ఫిల్మ్, 150 నుంచి 200 మైక్రాన్లు. చిన్న గీతలను తట్టుకుంటుంది. దాని బలహీనత అంచుల్లో ఉంది. ప్రెజర్ వాషర్‌ను అంచుకు ఎదురుగా కొడితే ఫిల్మ్ లేస్తుంది, మట్టి లోపలికి పోతుంది. అంచుల దగ్గర రెండడుగుల దూరం ఉంచండి.

## 9. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

నీటి మచ్చలు ఆరిపోయాయి. నీడలో, చల్లటి రేకు మీద, సగం వెనిగర్ సగం మంచినీళ్ళలో ముంచిన గుడ్డను ఒకటి రెండు నిమిషాలు అద్ది ఉంచి కడిగేయండి. రెండుసార్లకూ పోకపోతే మచ్చ లోపలికి దిగినట్టే, ఇక పాలిష్ చేసేవాళ్ళ పని. కోటింగ్ ఉన్నవాళ్ళు వెనిగర్‌కు ముందు వేసిన షాపులో అడగండి.

కడిగాక కూడా చేతికి గరుకుగా తగులుతోంది. పల్చటి ప్లాస్టిక్ కవరులో చెయ్యి పెట్టి కడిగిన బానెట్ మీద తడమండి, తేడా బాగా తెలుస్తుంది. ఇనుప రజను, తారు తుంపరలు అతుక్కుని ఉన్నాయన్నమాట. షాంపూకు పోవు. క్లే బార్ (పెయింట్‌కు అతుక్కున్నవాటిని లాగేసే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద) వాడాలి, అదీ దాని లూబ్రికెంట్ (జారుడు ద్రవం) ధారాళంగా చల్లుతూ. ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించొద్దు.

గీత పడింది, ఎంత లోతు? గోరు అడ్డంగా నడిపించండి. గోరు తట్టుకోకపోతే పాలిష్‌తో పోవచ్చు. తట్టుకుంటే క్లియర్ కోట్ లోతుకు దిగింది, ఎంత పాలిష్ కొట్టినా పూర్తిగా పోదు.

దుమ్ము కారు మీద కవర్ కప్పడం. గాలికి కవర్ ఊగిన ప్రతిసారీ అది ఆ దుమ్మును రుద్దుతూనే ఉంటుంది. కడిగి ఆరిన కారు మీదే కవర్ కప్పండి, లేకపోతే కప్పకండి.

సర్వీసింగ్‌లో అడుగున డీజిల్ కొట్టించడం. చూడటానికి కొత్తగా ఉంటుంది. రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి. వద్దని ముందే చెప్పండి.

## 10. రోజూ వచ్చి తుడిచే అతనితో ఏం చెప్పాలి?

మాన్పించేయమని నేను చెప్పను. తప్పు ఆయనది కాదు, రెండు గంటల్లో పన్నెండు కార్లకు ఒక బకెట్ నీళ్ళు ఇచ్చిన పద్ధతిది. మా అతనికి విషయం చెప్తే, "రోజూ తుడవకపోతే సార్‌లు డబ్బులివ్వరు సార్, ఒక్క రోజు దుమ్ము కనిపించినా ఫోన్ చేస్తారు" అన్నాడు. ఆ మాట నిజం.

మేం ఇలా మార్చుకున్నాం, జీతం తగ్గించలేదు:

- రోజూ అద్దాలు, లైట్లు, మిర్రర్లు మాత్రమే, నేనిచ్చిన గుడ్డతో
- కారు ఒంటి మీద పొడి గుడ్డ గానీ, ఈకల కుంచె గానీ పెట్టకూడదు
- పిట్ట రెట్ట కనిపిస్తే నీళ్ళు పోసి నానబెట్టి తీయాలి
- వారానికోసారి మ్యాట్లు దులపడం, లోపల వ్యాక్యూమ్
- రెండు వారాలకోసారి పూర్తి కడుగు, ఇద్దరం కలిసి

మొదటి రెండుసార్లు పక్కన నిలబడి చూపించాను. మూడోసారి మిట్ కింద పడితే, నేను చెప్పేలోపే తీసి చక్రాల బకెట్‌లో వేశాడు.

## 11. పని అయ్యాక

కారు కడిగి అలాగే పార్క్ చేసి ఊరెళ్ళిపోకండి. బ్రేక్ డిస్కులు తడిగా ఉంటే తుప్పు పట్టి ప్యాడ్‌లు అతుక్కునే అవకాశం ఉంది. కాలనీలో ఒక చుట్టు తిరిగి, నాలుగైదుసార్లు మెల్లగా బ్రేక్ నొక్కండి. బ్రేకుల వేడికి తడి ఆరిపోతుంది.

గుడ్డలు, మిట్లు అదే రోజు ఉతకాలి:

- చక్రాల గుడ్డలు విడిగా, పెయింట్ గుడ్డలు విడిగా
- నూలు బట్టలతో కలపొద్దు, నూలు పీచు మైక్రోఫైబర్‌కు పట్టుకుంటే వదలదు
- లిక్విడ్ డిటర్జెంట్ కొద్దిగా, కంఫర్ట్ లాంటి సువాసన ద్రవాలు అసలు వద్దు, అవి పీచులను పూసేసి నీళ్ళు పీల్చకుండా చేస్తాయి
- వేడి నీళ్ళు, ఇస్త్రీ వద్దు
- నీడలో, దుమ్ము పడని చోట తీగ మీద ఆరేసి, మూత ఉన్న డబ్బాలో దాచండి

డబ్బాలో పెట్టే ముందు ఒక్కో గుడ్డను విప్పి అరచేత్తో తడిమి చూడండి. ఎక్కడైనా గరుకుగా ముల్లులా తగిలితే దాన్ని చక్రాల బకెట్‌లో వేయండి.